ఐర్లండ్ పడమటి తీరం పది రాత్రుల్లో: కారు, వీసా, బస

జూన్‌లో పది రాత్రులు, అమ్మానాన్నలతో కలిపి నలుగురు, ఐర్లండ్ పడమటి తీరమంతా కారులో చూడొచ్చా అని మీ ప్రశ్న. "అంతా" అన్నమాట ముందే వదిలేయండి. వైల్డ్ అట్లాంటిక్ వే అనే ఆ తీరపు దారి 2,500 కి.మీ. పల్లె రోడ్ల మీద గంటకు 45-50 కి.మీ. సాగితే గొప్పే. డబ్లిన్‌లో రెండు రాత్రులు, గాల్వే వైపు మూడు, కెర్రీలో నాలుగు, ఆఖరిది డబ్లిన్ విమానాశ్రయం దగ్గర. ఇంతకంటే ఎక్కువ చోట్ల దిగితే పెద్దవాళ్లకు పెట్టెలు సర్దుకోవడమే సరిపోతుంది.

యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్‌లో ఐర్లండ్ లేదు, ఆ వీసా పనికిరాదు. షార్ట్ స్టే 'సి' వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వీసా మీద బీఐవీఎస్ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి వీసా పథకం) అని ఉంటే అదే వీసాతో బ్రిటన్‌కూ వెళ్లొచ్చు, కానీ వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. బెల్‌ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కిందికి వస్తుంది. రోడ్డు మీద చెక్‌పోస్టు కనిపించదు కదా అని అనుమతి లేకుండా దాటకండి.

డబ్లిన్‌లో ఉన్నన్నాళ్లూ కారు దండగ. ఊరు వదిలే రోజు ఉదయం విమానాశ్రయంలో తీసుకోండి. అక్కడా ఎడమవైపు డ్రైవింగే, స్టీరింగ్ కుడివైపే, కాబట్టి మనకు అలవాటైన పద్ధతే. మన లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా పెట్టుకోండి, కౌంటర్లో అడిగేవాళ్లున్నారు. డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డుతో డిపాజిట్ కుదరక కౌంటర్ దగ్గరే ఆగిపోయే కుటుంబాలు తక్కువేం కాదు. మామూలు బీమా ఉన్నా దెబ్బ తగిలితే మొదటి వెయ్యిన్నర, రెండు వేల యూరోలు మీ మీదే పడొచ్చు. టైర్లు, అద్దాలు చాలా పాలసీల్లో ఉండవు, కానీ అక్కడ ఎక్కువగా దెబ్బతినేవి అవే. ఎందుకంటే రోడ్డు సన్నం, అంచున రాతిగోడో ముళ్లపొదో, ఎదురుగా బస్సు. భయపడి ఎడమకు జరగగానే ఎడమ అద్దం, ఎడమ టైరు పక్క గోడకు గీసుకుంటాయి. పెద్ద ఎస్‌యూవీ వద్దు. నలుగురికి సరిపడా చిన్న కారు, రెండు పెద్ద పెట్టెలకు మించని సామాను. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయండి, అవి తక్కువ, ఖరీదెక్కువ.

విమానాశ్రయం నుంచి గాల్వే వెళ్తే డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 రహదారి మీద టోల్ తగులుతుంది. గేటుండదు, కెమెరా ఉంటుంది. మర్నాడు రాత్రి 8 లోపు కట్టాలి. అద్దె సంస్థే కట్టి మీ కార్డు మీద వేస్తుందా, మీరే కట్టాలా అన్నది తాళం తీసుకునేటప్పుడే అడగండి.

రోడ్డు నంబరు ముందు అక్షరం చూడండి. ఎం (మోటర్‌వే), ఎన్ (జాతీయ రహదారి) హాయి, ఆర్ (ప్రాంతీయ రోడ్డు) అయితే ఓర్పు కావాలి, ఎల్ (స్థానిక రోడ్డు) అంటే మధ్యలో గడ్డి మొలిచిన దారి కూడా కావొచ్చు. 2025 ఫిబ్రవరి నుంచి పల్లెల్లోని ఎల్ రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 60 కి.మీ. మ్యాప్ నాలుగు నిమిషాలు మిగులుతాయని ఎల్ రోడ్డులోకి తిప్పితే వినకండి. పల్లె ఇళ్లకు నంబర్లుండవు, బస యజమానిని ఎయిర్‌కోడ్ (ఒక్కో ఇంటికి విడిగా ఉండే పోస్టల్ కోడ్) అడిగి అదే మ్యాప్‌లో కొట్టండి. లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మోహర్ కొండచరియలు చూసి కెర్రీ దిగేటప్పుడు కిల్లిమర్-టార్బర్ట్ పడవ ఎక్కండి. కారుతో సహా ఇరవై నిమిషాల్లో షానన్ నది దాటుతారు, లిమరిక్ చుట్టు తిరిగే బాధ తప్పుతుంది. కెర్రీలో చుట్టి వచ్చే దారి రింగ్ ఆఫ్ కెర్రీ 179 కి.మీ. టూరిస్టు బస్సులు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. మీరూ అటే వెళ్లండి, కిలార్నీ ఊరి నుంచి ఉదయం ఎనిమిదిన్నరలోపు బయల్దేరితే వాటికి ముందుంటారు. డింగిల్ దగ్గరి స్లే హెడ్ దారి మాత్రం గడియారం దిశలోనే. రెంటిలో ఒకటే కుదిరితే డింగిల్ మేలు: దూరం తక్కువ, సముద్రం దగ్గర. స్కెల్లిగ్ మైఖేల్ దీవికి ఆరువందల పైచిలుకు రాతిమెట్లు, పట్టుకోవడానికి కటకటాలు లేవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దే వద్దు. అల ఎక్కువుంటే పడవ ఆ ఉదయమే రద్దవుతుంది కూడా.

గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న వాన కోటు తీసుకెళ్లండి.

తిండి సంగతి: పల్లె పబ్బుల్లో వంటగది రాత్రి తొమ్మిదికల్లా మూసేస్తారు. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగుంటుంది కాబట్టి టైం తెలియక భోజనం తప్పిపోవచ్చు. కెర్రీలోనైనా వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. సూపర్‌వాల్యూ, లిడిల్, టెస్కోల్లో బాస్మతి, ఎర్ర మసూర్ పప్పు, పెరుగు దొరుకుతాయి. సోనామసూరి, కందిపప్పు, చింతపండు కావాలంటే డబ్లిన్‌లోని ఇండియన్ కొట్లలో కొని కారులో వేసుకోండి. ప్లగ్గు బ్రిటన్‌లాంటి మూడు చదరపు కాళ్లది, కరెంటు 230 వోల్టులే, కాబట్టి ఇంటి చిన్న రైస్ కుక్కర్ అడాప్టర్‌తో పనిచేస్తుంది, అడాప్టర్ 13 ఆంపియర్లది అయితే చాలు. వేడినీళ్లు రాకపోతే యజమానికి ఫోన్ చేసే ముందు ఇమ్మర్షన్ అని రాసున్న స్విచ్, షవర్ దగ్గర వేలాడే తాడు రెండూ వేశారో లేదో చూడండి.