దారాన్ని పంటితో తెంపకు, లలితా

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి లలితకు మేనత్త ఆశీర్వదించి రాయునది.

విజయవాడలో ఉద్యోగంలో చేరిన ఏడాదికే సొంత జీతంతో ముందుపళ్ల సందుకు బాండింగ్ చేయించుకోబోతున్నావని వదిన ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. రాత్రి పడుకున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. ఫోటో తీస్తుంటే నోటికి చేయి అడ్డం పెట్టుకునే నీ చిన్నతనం నాకింకా గుర్తుంది. ఆ సందు నాకెప్పుడూ ముద్దుగానే కనిపించింది, మీ నాయనమ్మకూ అలాంటి సందే ఉండేది. అయినా నిర్ణయం నీది. చేయించుకున్నది ఎక్కువ కాలం నిలవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బాండింగ్‌లో పంటి రంగులో ఉండే ముద్దలాంటి రెజిన్‌ను అతికించి, నీలి కాంతితో గట్టిపరిచి, నునుపు చేస్తారు. జాగ్రత్తగా చూసుకుంటే అయిదారేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువే నిలుస్తుంది. అయితే అది పింగాణీ అంత గట్టిది కాదు, మరకలను కూడా పట్టుకుంటుంది. పళ్లు తెల్లబరచుకోవాలనుకుంటే ఆ పని ముందే చేయించుకుని రెండు వారాలు ఆగు. రెజిన్ ఆ తరువాత తెల్లబడదు కనుక డాక్టరు అప్పటి పంటి రంగును చూసి దాన్ని ఎంచుతారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట స్నానాల గదిలో జారిపడి నా ముందుపన్ను అంచు విరిగితే, మీ మామయ్య ఆ నెల ఇంటి ఖర్చులు తగ్గించి మరీ బాండింగ్ చేయించారు. అప్పట్లో నేను రోజుకు రెండు మూడు జాకెట్లు కుట్టేదాన్ని. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పంటితో తెంపడం నా అలవాటు. ఒక సాయంత్రం అలా తెంపుతుంటే చిన్న చప్పుడైంది. ఒడిలో ఉన్న ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ మీద బియ్యపు నూకంత తెల్లటి ముక్క పడింది. అంత డబ్బు పోసి చేయించిన మనిషికి ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఆ ముక్కను కాగితంలో చుట్టి మిషను సొరుగులో దాచాను.

నాలుక మాటిమాటికీ ఆ గరుకు అంచు మీదికే వెళ్లేది. కొన్నాళ్లకు అక్కడ టీ మరక గోధుమ రంగు గీతలా పేరుకుంటే, దాన్ని పోగొట్టాలని గరుకైన పళ్లపొడితో గట్టిగా రుద్దాను. ఉన్న నునుపు కాస్తా పోయి మరక ఇంకా ఎక్కువగా పట్టింది. ఎనిమిది నెలల తరువాత చల్లటి నీళ్లు తాగితే పన్ను జివ్వుమనడంతో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఊడిన అంచు కింద పన్ను పుచ్చిందని, విరిగిన వారంలోనే వచ్చి ఉంటే కాస్త రెజిన్ అద్ది పాలిష్ చేసి పంపేవాడినని ఆయన చెప్పారు. చివరకు పుచ్చిన భాగాన్ని తొలిచి అంతా కొత్తగా చేయవలసి వచ్చింది. మీ మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను దాచిన ఎనిమిది నెలలే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

కుట్టుతో పాటు ఆ పాడు అలవాటు కూడా నీకు నా దగ్గరే వచ్చింది. పోయిన సంక్రాంతికి నాన్న చొక్కాకు బొత్తాం కుట్టి దారాన్ని పంటితోనే తెంపావు, నేను చూశాను. ఇకమీదట ఆ పని చేస్తే ఊరుకోను. ప్యాకెట్లు చింపడం, గోళ్లు కొరకడం, పెన్ను మూత నమలడం కూడా మానెయ్యి. జామకాయను ముక్కలుగా కోసుకుని పక్కపళ్లతో తిను. చెరకు గెడను పళ్లతో చీల్చే సరదాకు ఇక స్వస్తి చెప్పు. మెత్తటి బ్రష్షు వాడు, బొగ్గుపొడి జోలికి వెళ్లకు. సందు పూడిన చోట, చిగురు దగ్గర ఆహారం ఇరుక్కుంటుంది కాబట్టి రాత్రిపూట తప్పకుండా ఫ్లాస్ దారంతో శుభ్రం చేసుకో. ఆరు నెలలకొకసారి చూపించుకుంటే పాలిష్ కూడా చేస్తారు.

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. వేసవి సెలవుల్లో మా డాబా మీద నా పక్కన పడుకున్నప్పుడు నిద్రలో పళ్లు పటపట కొరికేదానివి. కడుపులో నులిపురుగులేమోనని నాయనమ్మ అనేది. నేను నీ దవడ మీద చేయి వేసి నిమిరితే కాసేపు ఆగేదానివి. ఆ అలవాటు ఇంకా ఉందేమో నీకు తెలియదు, నిద్రలో ఎవరికీ తెలియదు. పొద్దున్నే దవడ నొప్పిగా ఉంటోందా? పళ్ల అంచులు అరిగాయా? బాండింగ్ మొదలుపెట్టకముందే డాక్టరుకు ఈ సంగతి చెప్పి చూపించుకో. రాత్రి పళ్లకు తొడుగులా పెట్టుకునే గార్డు అవసరమంటే డబ్బుకు వెనకాడకు, అది నేను కొనిపెడతాను.

బాండింగ్ చేయించుకున్నాక మొదటి రెండు రోజులు టీ, కాఫీ, పసుపు వేసిన పులుసులు వద్దు. ఆ రోజు నేను బస్సెక్కి వచ్చి రెండు పూటలా పెరుగన్నం కలిపి పెడతాను. నీ కుట్టుపెట్టెలో ఉంచడానికి నా చిన్న కత్తెరకు సాన పట్టించి తెస్తున్నాను. ఎప్పుడైనా ఏ కొంచెం అంచు ఊడినా, ముందు డాక్టరుకు చూపించి ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్త