పిడియా, కామా?

సందేహం: హనుమకొండలో చేతితో కత్తులు చేసి అమ్ముతున్నాను. పట్టుకొనే చోట తునికి చేవ, మద్దిచెట్టు బొడిపె వంటి అరుదైన కర్రలు వాడతాను. దుకాణం బోర్డు మీద ‘సహజ చెక్క కామలతో తయారు చేయబడిన కత్తులు’ అని రాయించబోతే, ‘కామ’ తప్పని ఒక మిత్రుడు అన్నాడు. నిజమేనా? ‘చెక్క’ సరిపోతుందా?

సమాధానం: మీ మిత్రుని మాట సబబే. గొడ్డలికి, పారకు ఉండేది కామ. కత్తికి ఉండేది పిడి. రెండూ చేత పట్టుకొనేవే అయినా ఇనుముకు అమరే తీరు వేరు. గొడ్డలి కన్నంలోకి కర్ర దూరుతుంది. కత్తికైతే అలుగు వెనుక సాగదీసిన ఇనుప మొనే కర్రలోకి దూరుతుంది. కొడవలికీ ఇదే పద్ధతి కనుక ‘కొడవలి పిడి’ అంటాం. (అలుగు అనగానే మన ప్రాంతంలో నిండిన చెరువు గుర్తుకు వస్తుంది గాని, కత్తికి, బాణానికి ఉండే ఇనుప భాగానికీ అదే పేరు.) మాటల్లో ఈ హద్దు అక్కడక్కడ చెరిగిపోతుంది, దాన్ని నేను తప్పుపట్టను, కత్తులు చేసేవారి బోర్డు మీద మాత్రం పిడి అనే ఉండాలి. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు, పిడిబాకు అన్న మాటల్లో ఉన్నది ఈ పిడే. పట్టుకోవడమనే అర్థంలో తమిళంలోనూ ‘పిడి’ ఉంది. కన్నడంలో పకారం హకారమై ‘హిడి’ అయింది.

‘చెక్క’ సరిపోతుందా లేదా అన్నది మీ పనితనాన్ని బట్టి ఉంటుంది. ఇనుము పిడి పొడవునా సాగి, దానికి ఇరువైపులా రెండు కోత ముక్కలను అమర్చి చీలలు కొట్టినట్లయితే అవి చెక్కలే. ఒకే ముక్కను తొలిచి ఇనుమును దిగవేసినట్లయితే అది కర్ర పిడి.

‘సహజ’ అన్న విశేషణం దండుగ. ఏ చెట్టుదో చెబితే చాలు. చేవ అంటే మాను నడిమి గట్టి భాగం, తునికిలో అది నల్లగా తేలుతుంది. బీడీ ఆకు కోసే చెట్టుగానే తునికిని ఎరిగిన మన ఉత్తర తెలంగాణవారికి ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుంది కూడా. మాను మీద ఉబ్బిన బుడుపుకు ‘బొడిపె’ చక్కని మాట, దాన్ని మార్చకండి. ‘తయారు చేయబడిన’ అన్నది తెలుగు నడక కాదు. ‘చేతితో చేసిన కత్తులు: తునికి చేవ పిడి, మద్ది బొడిపె పిడి’ అని రాయించండి.