పౌండ్ల గడిలో నూట ఎనభై

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో చేరాక ఆ ఘాటుకు ఇంకా తుమ్ముతున్నావని మీ అమ్మ చెప్పింది. నెల తిరిగేసరికి అలవాటైపోతుంది. మీ అత్తయ్య నేను మిల్లు నుంచి ఇంటికి వస్తే చొక్కా దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు. మాది దూది, మీది కారం, అంతే తేడా.

విదేశంలో కొనేవాళ్ల కోసం రాసి, నువ్వు ఫోనులో పంపిన ఆ ధరల కాగితం రెండుసార్లు చదివాను. అయిదు వరుసల్లో మూడు సరిగానే ఉన్నాయి. మొదటి వరుస దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదు, నన్ను నేను గుర్తుచేసుకుని. కిలో 180 రూపాయల మిర్చికి పౌండు ధర 396 రూపాయల 83 పైసలని వేశావు. తల్లీ, పౌండు కిలో కంటే చిన్నది కదా! చిన్న పొట్లానికి పెద్ద ధర ఎలా వస్తుంది?

నువ్వు ఏం చేశావో నాకు తెలుసు. కంప్యూటర్లో విండోస్ కాలిక్యులేటర్ తెరిచి, పైన మూడు గీతల గుర్తు నొక్కి, బరువుల పేజీకి వెళ్లి, కిలోల గడిలో 180 కొట్టావు. పౌండ్ల గడిలో 396.83 కనిపించింది. దాన్ని తీసి ధరల కాగితంలో పెట్టావు. యంత్రం అబద్ధం చెప్పలేదు, 180 కిలోల బరువుకు 396.83 పౌండ్లే. కానీ నిన్ను అడిగింది బరువు కాదు, ధర. బరువు ఒక దిక్కుకు పోతే దాని మీద కట్టే ధర ఎదురు దిక్కుకు పోతుంది. ఆ సంగతి యంత్రానికి తెలియదు, దానికి రూపాయి గుర్తే కనిపించదు.

ఇదే తప్పు నేనూ చేశాను. 2009లో విండోస్ 7 వచ్చిన కొత్తలో మా మిల్లు ఆఫీసుకు ఒక కంప్యూటర్ కొన్నారు. దానిలోని కాలిక్యులేటర్‌లో కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కితే పక్కన కొలతలు మార్చే పలక ఒకటి తెరుచుకునేది. అంతకు ముందు ముప్ఫయ్యేళ్లుగా చేత్తో గుణించిన నాకు అది చింతామణిలా కనిపించింది. కిలో 70 రూపాయల దూదికి పౌండు ధర పంపమని విదేశం నుంచి ఒకాయన అడిగితే, 154 రూపాయలని కొట్టి పంపించాను. పంపాల్సింది 31 రూపాయల 75 పైసలు. మర్నాడు ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: మీరు అమ్మేది పత్తినా, పట్టునా? మా యజమాని ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి నేను పాటించే కిటుకు ఒకటి చెబుతాను. కిలో ధరను పౌండు ధరగా మార్చాలంటే ఆ అంకెను కిలోల గడిలో కాదు, పౌండ్ల గడిలో కొట్టు. కిలోల గడిలో వచ్చేదే నీకు కావలసిన జవాబు. 180 అలా కొడితే 81.65 వస్తుంది. తలకిందులుగా ఉందని కంగారు పడకు. ఒక పౌండంటే 0.45359237 కిలో. కిలో ధరను దానితో గుణిస్తే పౌండు ధర వస్తుంది. పౌండ్ల గడిలో అంకె వేస్తే యంత్రం చేసేదీ సరిగ్గా ఆ గుణకారమే. ఎకరం ధరను హెక్టారు ధరగా మార్చినా, లీటరు ధరను గాలను ధరగా మార్చినా ఇదే దారి.

అయితే కిటుకు కంటే ముందు కావలసింది ఒకటుంది. మీట నొక్కే ముందు జవాబు ఎంత ఉండవచ్చో మనసులో వేసుకో. పౌండు అరకిలో కంటే కాస్త తక్కువ. 180లో సగం 90, అందులో పదో వంతు తీసేస్తే 81. యంత్రం 81.65 చూపిస్తే తల ఊపు. 396 చూపిస్తే కుర్చీలో వెనక్కి వాలి, ఎక్కడ తప్పావో వెతుకు. ఈ నోటిలెక్క మా మిల్లులో తూకం దగ్గర నిలబడే కుర్రవాళ్లకు కూడా వచ్చేది. కాలిక్యులేటర్ వచ్చాక నాకే పోయింది, అందుకే ఆ రోజు అంత తలవంపు.

ఇక నాలుగో వరుస. 25 టన్నులకు 22,679.6 కిలోలు వేశావు. నువ్వు జాబితాలో షార్ట్ టన్ను ఎంచుకున్నావు. అది అమెరికా వాళ్లది, 907 కిలోల చిల్లర. దాని పక్కనే లాంగ్ టన్ను అని బ్రిటిష్ వాళ్లది ఉంటుంది, 1,016 కిలోలు. మనం వాడేది మెట్రిక్ టన్ను, 1,000 కిలోలు. ఈ మూడింటినీ నోటితో టన్ననే అంటారు. నువ్వు ఎంచుకున్నదానికీ మన టన్నుకూ 25 టన్నుల మీద 2,320 కిలోల తేడా. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 45 కిలోలనుకుంటే యాభై టిక్కీలకు పైమాట. ఒక లారీ దగ్గర నిలబడి యాభై టిక్కీలు లెక్కపెట్టి చూడు, తేడా అంటే ఏమిటో తెలుస్తుంది. కాబట్టి కొనేవాళ్లు వట్టి టన్ను అని రాస్తే ఏ టన్నో అడగకుండా లెక్క కట్టవద్దు. అడిగితే చిన్నతనం అనుకోకు. నన్ను అలా అడిగినవాళ్లే నాకు నమ్మకమైన ఖాతాదారులయ్యారు.

ఒకే పేరుకు రెండు బరువులుండటం ఇప్పటి జబ్బు కాదు. మీ తాతయ్య కాలంలో మద్రాసు మణుగు ఎనిమిది వీశలు, అంటే ఇంచుమించు పాతిక పౌండ్లు. రైల్వేలో సరుకు వేస్తే అక్కడ లెక్క బెంగాలు మణుగు, 82 పౌండ్లకు పైగా. ఇక్కడ తూచిన మణుగు స్టేషన్లో మూడో వంతుకు పడిపోయేదని ఆయన నవ్వుతూ చెప్పేవారు. 1958 అక్టోబరులో మెట్రిక్ తూకాలు మొదలై, 1962 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అయినా పత్తి వ్యాపారం కాండీని వదల్లేదు. పత్తి కాండీ అంటే 784 పౌండ్లు, 355.62 కిలోలు. పాత మద్రాసు లెక్కలో ఇరవై మణుగుల బరువునూ కాండీ అనేవారు, అది దాదాపు 500 పౌండ్లే. పాత చిట్టాలు చూసి ధర కట్టేవాడు ఈ రెండింటినీ కలిపేస్తే అంతే సంగతులు. బేలు, అంటే నొక్కి కట్టిన దూది మూట, కూడా అంతే. మన బేలు 170 కిలోలు, అమెరికా వాళ్ల లెక్కల్లో బేలు 480 పౌండ్లు, అంటే 217.7 కిలోలు. మీ ఆఫీసులో పత్తి కూడా చూస్తారని విన్నాను, అందుకే ఇంత రాస్తున్నాను.

కాలిక్యులేటర్ జాబితాలో ఈ కాండీ ఉండదు. క్వింటాల్ కూడా ఉండదు. వంద కిలోలని మనమే వేసుకోవాలి. పైపెచ్చు బరువు కొడితే ఒక్కోసారి కింద ఏనుగుల లెక్కలో కూడా చూపిస్తుంది! ఏనుగులను ఎగుమతి చేసేవాళ్లకు పనికొస్తుందేమో. కాల్క్యులేట్ (Qalculate, మొదటి అక్షరం క్యూ) అని ఇంకో ప్రోగ్రాము ఉంది, ఉచితం. దానిలో గడులు వెతుక్కునే పని లేదు, ఇన్ని పౌండ్లను కిలోల్లోకి మార్చమని ఇంగ్లీషులో ఒకే వరుసగా టైపు చేస్తే చాలు. మన కొలతలను మనమే నమోదు చేసుకోవచ్చు కూడా. నేను కాండీనీ సెంటునూ చేర్చుకున్నాను. మీ అత్తయ్య ఆవకాయకు కారం కొలిచే ఇత్తడి గిన్నెను కూడా చేర్చమంది. దానిలో ఎంత బరువు కారం పడుతుందో తేలక ఆపాను.

అంకెలను కుదించి రాయడం చివరి దాకా చేయవద్దు. పౌండును 0.45గా తీసుకుంటే నోటిలెక్కకు చాలు, బిల్లుకు చాలదు. 25,000 కిలోలను అలా మారిస్తే 440 పౌండ్లు ఎక్కువ వస్తాయి, అంటే రెండు క్వింటాళ్లు గాలిలోంచి పుట్టినట్టు. యంత్రం ఇచ్చిన అంకెను మొత్తంగా కాపీ చేసి పెట్టు, పైసలు సరిచేయడం ఆఖరి మెట్టు మీదే. చూసి మళ్లీ టైపు చేయకు. నీ రెండో వరుసలో ఒక సున్నా తప్పిపోయి మళ్లీ దిద్దిన గుర్తు నాకు కనిపించింది.

కోల్డ్ స్టోరేజీ మాట అడిగావు. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు మించి మారకూడదని కొనేవాళ్లు రాస్తే, ఆ పదిని కన్వర్టర్‌లో కొట్టవద్దు. మైనస్ 12.2 సెల్సియస్ అని చూపిస్తుంది, అది చూసి ఎవరైనా మిర్చిని మంచుగడ్డ చేస్తారు. అది ఉష్ణోగ్రత, వాళ్లు చెప్పింది తేడా. తేడాకు అయిదుతో గుణించి తొమ్మిదితో భాగిస్తే సరిపోతుంది, 5.6 డిగ్రీలు వస్తుంది.

మీ నాన్న పొలం సంగతి వచ్చినప్పుడు ఇంకోటి. 2 ఎకరాల 35 సెంట్లను 2.35 అని కొట్టవచ్చు, ఎందుకంటే ఎకరానికి వంద సెంట్లు. అదే తెలంగాణ బంధువుల కాగితంలో 2 ఎకరాల 35 గుంటలని ఉంటే 2.875 కొట్టాలి, అక్కడ ఎకరానికి నలభై గుంటలు. అడుగులూ అంగుళాలూ కూడా గుంటల మాదిరే.

డబ్బు మార్పిడి ఒక్కదానికే నెట్ కావాలి, మిగతావన్నీ నెట్ లేకున్నా పనిచేస్తాయి. డాలరు ధర మాత్రం బ్యాంకును అడిగే వేయి, కాలిక్యులేటర్ చూపేది ఏ పూట ధరో చూడకుండా వాడకు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఆ టన్ను ఏదో అడుగుతూ కొనేవాళ్లకు రేపు ఉదయమే రాయి. మొదటి వరుసలో 396.83ను చెరిపేయకుండా ఒక గీత కొట్టి, పక్కన 81.65 వేసి, నీ పొడి అక్షరాలు పెట్టు. మిల్లులో మేము అలాగే చేసేవాళ్లం. వాళ్ల జవాబు వచ్చాక నాలుగో వరుస నింపి నాకు మళ్లీ పంపించు, ఆదివారం కళ్లజోడు పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మామయ్య