టెన్షన్ వల్లే కీళ్లవాతం వచ్చిందా? మందులు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. నాన్నగారు పోయిన నాలుగు నెలలకు వేళ్ల కీళ్లు వాచాయి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. ఏడాదిన్నరగా వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను, ఇప్పుడు బాగానే ఉంది. ‘టెన్షన్ వల్ల వచ్చిందే కదా, మనసు కుదుటపడితే అదే పోతుంది’ అని ఇంట్లో అంటున్నారు. మందు ఆపేయొచ్చా?

జవాబు: ఆపకండమ్మా. బాగానే ఉందంటున్నారే, అది చాలావరకు ఆ మందు చలవే.

మీ ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. తీవ్రమైన ఒత్తిడికి లోనై మానసిక సమస్యలు వచ్చినవాళ్లను లక్షమందికి పైగా పరిశీలించిన స్వీడన్ అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. వాళ్లలో ఏటా వెయ్యికి సుమారు 9 మందికి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే మీ కీళ్లవాతంలా శరీర రక్షణ వ్యవస్థ తన ఒంటిమీదే దాడి చేసేవి, బయటపడ్డాయి. ఆ సమస్యలు లేనివాళ్లలో అది 6. తేడా ఉంది, కానీ ఎక్కువమందికి ఏమీ రాలేదన్నది కూడా అందులోనే ఉంది.

మామూలుగా కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో వాపును అదుపులో ఉంచుతుంది. ఒత్తిడి నెలల తరబడి సాగితే రోగనిరోధక కణాలు దాని మాట సరిగా వినవు. జన్యువులు, పొగతాగడం లాంటివి కూడా తోడైతే శరీరం తన కీళ్లమీద తానే దాడికి దిగవచ్చు. ఇంకో సంగతి: ఈ జబ్బులో కనిపించే యాంటీ సీసీపీ లాంటి యాంటీబాడీలు చాలామందికి కీళ్లు వాచడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో ఉంటాయి. మీ విషయంలోనూ నాన్నగారు పోకముందే జబ్బు లోపల మొదలై ఉండొచ్చు. కాబట్టి ఏడ్చి ఏడ్చి నేనే తెచ్చుకున్నానేమో అనే ఆలోచన పెట్టుకోకండి.

ఒకసారి మొదలయ్యాక మాత్రం మనసు తేలికపడినంత మాత్రాన ఇది పోదు. మందు ఆపితే వాపు తిరగబెట్టవచ్చు, అరిగిన ఎముక మళ్లీ పూడదు. డోసు తగ్గించే సందర్భాలు లేకపోలేదు, అది పరీక్షలు చూసి మీ రుమటాలజిస్టు చెప్పాలి. గర్భం ఆలోచన ఉంటే మాత్రం ముందే ఆయనకు చెప్పండి, ఈ మందు అప్పుడు వాడకూడదు.

నిద్ర, రోజూ కాస్త నడక నొప్పిని భరించే శక్తినిస్తాయి. దిగులు ఇంకా వదలకపోతే సైకాలజిస్టును కలవండి, అదీ వైద్యమే. టెన్షన్ పడిన రోజు ఒళ్లంతా నొప్పిగా అనిపించడం వేరు. పొద్దున్నే అరగంటకు మించి వేళ్లు బిగుసుకుపోతున్నా, కీలు వాచి వేడిగా తగులుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.