ధ్వని సందేహాలు: ఇంట్లో పాతకాలపు బూర స్పీకర్

ప్రశ్న: సినిమా మాటలు నేర్చిన తొలి రోజుల్లో థియేటర్లలో వాడిన పెద్ద హారన్ స్పీకర్ల గురించి చదివినప్పటి నుంచి అలాంటి జత ఒకటి సొంతంగా కట్టుకోవాలనే కోరిక పట్టుకుంది. వడ్రంగం పని, సోల్డరింగ్ కొంత వచ్చు. గది పొడవు ఐదు మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లు. పాత థియేటర్ డ్రైవర్ల (హారన్ వెనుక బిగించి ధ్వని పుట్టించే భాగాల) జత అమ్మకానికి వచ్చింది. ముందు వాటిని కొనేసి, తర్వాత వాటికి తగ్గ హారన్లు, బాస్ కోసం కూడా హారన్లే, చేసుకుందామని ఉంది. ఈ వరుస సరైనదేనా?

జవాబు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ అభిరుచి ఉన్నవాళ్లలో సగం మందికి వర్తిస్తుంది, ఒకప్పుడు నాకూ వర్తించింది. డ్రైవర్ చివరికి కొనవలసిన వస్తువు. మొదట తేల్చుకోవలసింది బూర నోరు ఎంత పెద్దదిగా ఉండగలదన్నది, ఎందుకంటే ఏ స్వరం దాకా దిగగలమో, పెట్టె ఎంత ఉండాలో, ఏ డ్రైవర్ పనికొస్తుందో, అన్నీ ఆ ఒక్క కొలతను బట్టే నిర్ణయమవుతాయి. (హారన్ అనగానే వాహనం మోత గుర్తొస్తుంది కాబట్టి ఈ శీర్షికలో గ్రామఫోన్ రోజుల మాటనే వాడుతున్నాను, బూర అని.)

స్పీకర్ పొర బరువైనది, గాలి తేలికైనది. చేతిలో పట్టు దొరకనంత తేలికైన బంతిని విసిరినప్పుడు బలమంతా వృథా అయినట్టే, మామూలు స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో నూటికి ఒక వంతు అటూ ఇటూ మాత్రమే ధ్వనిగా మారుస్తుంది, మిగిలినది తీగచుట్టలో వేడిగా పోతుంది. బూర ఈ పొరకు ఎదురుగా ఇరుకైన గొంతును పెట్టి, అక్కడి గాలికి బరువు కల్పించి, ఆ ఒత్తిడిని క్రమంగా విశాలమయ్యే దారిలో నోటిదాకా నడిపిస్తుంది. అందువల్ల అదే వాట్‌కు పదింతలు, ఇరవై ఇంతలు ధ్వని పుడుతుంది. 1926లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి 555 రిసీవర్ అనే డ్రైవర్, వంపులు తిరిగిన చెక్క బూరతో కలిసి, కొద్ది వాట్లే ఇచ్చే ఆంప్లిఫయర్లతో వందల మంది కూర్చున్న హాలును నింపగలిగింది ఇందుకే.

ఇక లెక్క. బూర సిద్ధాంతానికి 1919లో వెబ్‌స్టర్ సమీకరణం పునాది వేస్తే, 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఘాతీయంగా పెరిగే బూర ఎందుకు మేలో చూపించారు. ఘాతీయ బూరలో సమాన దూరాలకు వైశాల్యం రెట్టింపవుతూ పోతుంది. ఆ రెట్టింపు ఎంత నెమ్మదిగా జరిగితే బూర అంత కింది స్వరాన్ని పలుకుతుంది. ఆ అట్టడుగు స్వరమే బూర హద్దు పౌనఃపున్యం, దాని కింద బూర పని చేయడం మానేస్తుంది. నోటి చుట్టుకొలత ఆ హద్దు పౌనఃపున్యపు తరంగదైర్ఘ్యానికి కనీసం సమానంగా ఉండాలన్నది రెండో షరతు. నోరు చిన్నదైతే ధ్వని అంచు దగ్గర తగిలి వెనక్కి మళ్లుతుంది, ఫలితంగా స్వరాలు ఎగుడుదిగుడుగా వినిపిస్తాయి, చవకరకం మైకుల్లో వినిపించే ఆ ముక్కుతో మాట్లాడే గొంతుకు సగం కారణం ఇదే.

మీ గదికి ఈ లెక్క వేసి చూడండి. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 400 హెర్ట్జ్ హద్దు గల గుండ్రని బూరకు నోటి వ్యాసం 27 సెంటీమీటర్లు చాలు. 2.54 సెంటీమీటర్ల గొంతు నుంచి అక్కడికి చేరడానికి పొడవు 32 సెంటీమీటర్ల పైచిలుకు. బల్ల మీద పట్టే వస్తువే. అదే 40 హెర్ట్జ్ బాస్ బూర కావాలంటే నోటి వ్యాసం 2.7 మీటర్లు దాటుతుంది, అలాంటివి రెండు పెట్టాక నాలుగు మీటర్ల గోడ మీద మీకు కూర్చోవడానికే కాదు, నిలబడడానికీ చోటు ఉండదు. ఈ చిక్కుకు అందమైన విరుగుడు కనిపెట్టినవాడు పాల్ క్లిప్ష్. రెండు గోడలు, నేల కలిసే మూల ఎటూ బూర అంచుల్లాగే విచ్చుకుంటుంది కనుక అక్కడ నోరు ఎనిమిదో వంతుకు తగ్గినా చాలునని, మిగతా దారిని పెట్టెలో మడిచి, 1946 నుంచి అమెరికాలోని ఆర్కన్సాస్‌లో తన మూల స్పీకర్లను అమ్మాడు. ఆ మడతలను తప్పు లేకుండా కట్టడం మొదటి ప్రయత్నంలో సాధ్యమయ్యే పని కాదని నా అభిప్రాయం, పైగా మీ గదికి అడ్డు లేని మూలలు రెండు ఒకే గోడకు దొరకాలి.

కాబట్టి బాస్‌ను 15 అంగుళాల కాగితం కోన్ గల, మంద్ర స్వరాల స్పీకరైన వూఫర్‌కు, రంధ్రమున్న రిఫ్లెక్స్ పెట్టెకు వదిలేసి, 800 హెర్ట్జ్ నుంచి పైనంతా బూరకు అప్పగించండి. ఇది రాజీ అని చిన్నబుచ్చుకోకండి. థియేటర్లు కూడా చివరికి ఇక్కడికే వచ్చాయి. ఆల్టెక్ లాన్సింగ్ అనే అమెరికా కంపెనీ వారి ఏ-7 థియేటర్ స్పీకర్ పెట్టెలో వూఫర్‌కు ముందు పొట్టి బూర, అడుగున రిఫ్లెక్స్ రంధ్రం, పైన మధ్య, పై స్వరాల బూర ఉంటాయి. అమ్మకానికి వచ్చిన ఆ పాత డ్రైవర్ల విషయానికి వస్తే, పొర పగిలి లేదని, మార్చవలసి వస్తే సరైన పొర ఇప్పటికీ దొరుకుతుందని, గొంతు కొలత పైన చెప్పిన 2.54 సెంటీమీటర్లేనని రూఢి చేసుకున్న తర్వాతే చేయి వేయండి. పేరు చూసి కొన్న జతలో ఒకటి పలికి రెండోది గరగరలాడిన అనుభవం నాకుంది. కొత్త కంప్రెషన్ (గాలిని ఇరుకు గొంతులోకి నొక్కే) డ్రైవర్‌తో చేసినంత మాత్రాన పాతకాలపు తీరు పోదు. ఆ తీరు బూరలో ఉంటుంది, తుప్పులో ఉండదు.

ప్రశ్న: గుండ్రని చెక్క బూరను లేత్ యంత్రం లేకుండా చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, ఓపిక కావాలి. ప్లైవుడ్ వలయాలను ఒకదాని మీద ఒకటి పేర్చి అంటించడం తేలికైన దారి. పైన చెప్పిన 400 హెర్ట్జ్ బూరనే తీసుకుంటే, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 18 వలయాలు పడతాయి, ఒక్కో వలయానికి వ్యాసం సుమారు 14 శాతం పెరుగుతూ పోతుంది. ప్రతి వలయానికి గొంతు వైపు ఉండవలసిన చిన్న వ్యాసంతోనే రంధ్రం కోయండి, పెద్ద వ్యాసాన్ని ముందు ముఖం మీద పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి. జిగురు ఆరాక లోపలి మెట్లను ఆకురాయితో, తర్వాత గరుకు కాగితంతో అరగదీస్తూ ఆ గీత దాకా రండి. గొంతు దగ్గర మెట్టు కనిపించీ కనిపించనంత ఉంటుంది, నోటి అంచుకు వచ్చేసరికి వాలు 45 డిగ్రీలకు చేరుతుంది, అక్కడ రోజుల తరబడి దుమ్ము రాలుతుంది కనుక ముక్కుకు ముసుగు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

గొంతు దగ్గరే అసలు శ్రద్ధ పెట్టాలి. డ్రైవర్ రంధ్రానికి, బూర గొంతుకు మధ్య అర మిల్లీమీటరు మెట్టు మిగిలినా పై స్వరాలు అక్కడ చెదురుతాయి, నోటి దగ్గర అంతే తప్పు జరిగితే ఎవరికీ వినబడదు. పాపం, చాలామంది నోటిని అద్దంలా మెరిపించి గొంతును గరుకుగా వదిలేస్తారు, కనబడేది అదే కదా. ఘాతీయ వంపుకు బదులు ఇంగ్లండులో పాల్ వోయిట్ వాడుకలోకి తెచ్చిన ట్రాక్ట్రిక్స్ వంపును ఎంచుకుంటే అదే నోటికి బూర కొంత పొట్టిదవుతుంది, అంచు పూర్తిగా పక్కకు విచ్చుకుంటుంది. ఇంటి గదికి నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ప్రశ్న: బూరకు డ్రైవర్ బిగించి, ఒకే కెపాసిటర్‌తో పాట పెట్టాను. మొదటి సాయంత్రమే ఒక డ్రైవర్ చిరుగుల శబ్దం చేసి మూగబోయింది. శబ్దం పెద్దగా పెట్టలేదు. లోపం డ్రైవర్‌దేనా?

జవాబు: చాలావరకు కాదు. బూర హద్దు పౌనఃపున్యం కింద పొరకు ఎదురు బరువు ఉండదు, అక్కడ వచ్చిన కింది స్వరం పొరను అదుపు లేకుండా ఊపుతుంది. కంప్రెషన్ డ్రైవర్‌లో పొరకు, దాని ముందున్న, ధ్వనిని గొంతులోకి నడిపే దిమ్మ అయిన ఫేజ్ ప్లగ్‌కు మధ్య సందు ఎంతో సన్నగా ఉంటుంది, ఆ ఊపుకు పొర దానికి కొట్టుకుని పగులుతుంది. ఒంటి కెపాసిటర్ అష్టకానికి (పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది, అది చాలదు. 12 డెసిబెల్స్ వాలు గల క్రాసోవర్ (స్వరాలను వూఫర్, బూరల మధ్య పంచే సర్క్యూట్) కట్టండి. 8 ఓంల డ్రైవర్‌కు 800 హెర్ట్జ్ వద్ద, బటర్‌వర్త్ అనే ఫిల్టర్ లెక్క ప్రకారం, 17.6 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసలోనూ, 2.25 మిల్లీహెన్రీ కాయిల్ సమాంతరంగానూ వస్తాయి. డ్రైవర్ ఓంలు అన్ని స్వరాల వద్దా ఒకేలా ఉండవు కనుక ఇవి మొదటి అంచనాలే, కొలిచి సవరించుకోవాలి. కొత్త కనెక్షన్లు పరీక్షించేటప్పుడు వీటికి తోడు ఇంకొక కెపాసిటర్‌ను వరుసలో ఉంచితే, పొరపాటున ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ధబ్ శబ్దం కూడా ఆగుతుంది.

మీరు రాయలేదు గానీ, మీ పాట కీచుగా కూడా ఉండి ఉంటుంది. బూరతో కూడిన డ్రైవర్ ఒక వాట్‌కు 107 డెసిబెల్స్ ఇస్తుంటే, మంచి వూఫర్ 97 ఇస్తుంది. ఆ 10 డెసిబెల్స్ తగ్గించడానికి క్రాసోవర్‌కు, డ్రైవర్‌కు మధ్య 5.5 ఓంల రెసిస్టర్‌ను వరుసలో, 3.7 ఓంల దాన్ని డ్రైవర్‌కు సమాంతరంగా పెట్టండి. ఆంప్లిఫయర్ బుస కూడా దీనితో అంతే మేరకు తగ్గుతుంది.

ప్రశ్న: అన్నీ లెక్క ప్రకారమే చేశాం. అయినా గాయని గొంతు ఒక చోట, ఆమె ఛాతీ నుంచి వచ్చే మంద్రం ఇంకొక చోట ఉన్నట్టు వినిపిస్తోంది. మా వారు అది నా భ్రమ అంటున్నారు.

జవాబు: మీ చెవి సరైనదే. 32 సెంటీమీటర్ల బూరను వూఫర్ పెట్టె మీద అంచుకు అంచు ఆనించి పెట్టి ఉంటారు. బూర పొర నోటికి 32 సెంటీమీటర్ల వెనుక ఉంది, వూఫర్ తీగచుట్ట పెట్టె ముఖానికి పది సెంటీమీటర్ల వెనుకే ఉంటుంది. అంటే బూర ధ్వని సుమారు 22 సెంటీమీటర్ల ఆలస్యంతో బయలుదేరుతోంది. 800 హెర్ట్జ్ వద్ద అది సగం తరంగం, ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. 1930లలో ఎంజీఎం స్టూడియో ఇంజనీర్లకు ఇంతకన్నా పెద్ద చిక్కు ఎదురైంది. పొడవైన బాస్ బూర, పొట్టి పై బూర కలిసిన చోట ట్యాప్ నాట్యపు ఒక్కో అడుగు రెండుసార్లు వినిపించేది. దారులను దగ్గర చేసి 1936 నాటికి వారు తయారు చేసిన షియరర్ బూర ఆ తర్వాతి థియేటర్ స్పీకర్లకు ఒరవడి అయింది.

మొదట టేపుతో కొలిచి బూరను ముందుకు జరిపి, రెండు పొరలు ఒకే గీత మీదికి తెండి. తర్వాత కొలత మైక్రోఫోన్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బూర తీగలను (ప్లస్, మైనస్) తిప్పి ఒకసారి, తిప్పకుండా ఒకసారి కొలవండి. ఒక దాని గ్రాఫులో 800 హెర్ట్జ్ దగ్గర గుంట, అంటే ధ్వని బాగా తగ్గిన చోటు, కనబడుతుంది. ఆ తీగల అమరికలోనే బూరను సెంటీమీటరు చొప్పున జరుపుతూ గుంట బాగా లోతైన చోట ఆపి, తీగలను మళ్లీ తిప్పేయండి. టేపు కొలత మానేసి ఈ పరీక్షనే నమ్ముకోవద్దు, పూర్తి తరంగం పొడవు, అంటే 43 సెంటీమీటర్లు, తప్పినా గుంట అలాగే మోసం చేస్తుంది. బూర ముందుకు పొడుచుకు వచ్చి చూడడానికి బాగా లేదంటే, వూఫర్‌నే పెట్టెలో వెనక్కి దించి ముందు పొట్టి బూర కట్టవచ్చు, ఏ-7 వారి ఉపాయం అదే.

ప్రశ్న: దీనికి వాల్వు ఆంప్లిఫయరే ఉండాలా?

జవాబు: అవసరం లేదు. 97 డెసిబెల్స్ స్పీకర్‌కు 8 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 106 డెసిబెల్స్ వస్తాయి, ఇంటికి అది ఎక్కువే. అందుకే 300బి లాంటి ఒంటి వాల్వు ఆంప్లిఫయర్లు ఇక్కడ సరిపోతాయి, మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కూడా అంతే బాగా సరిపోతుంది. వాల్వుది మీరే కట్టేట్టయితే, స్విచ్ ఆపిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లు వందల వోల్టులు పట్టి ఉంచుతాయి, వాటిని రెసిస్టర్‌తో ఖాళీ చేసి మీటరుతో సరిచూసే దాకా లోపల చేయి పెట్టవద్దు.