ఒక ప్రాణీ లేని వ్యాసం గురించి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. ఇక తగువు మొదలుపెడతాను.

"1883లో ఎనిమిదిమంది దొరలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించారు" అని ఎత్తుకున్నావు. ఆ ఎనిమిదిమందిలో ఇద్దరు మనవాళ్లే: ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్. ఇద్దరూ డాక్టర్లు. ఈ సఖారాం ఎవరనుకున్నావు? రఖ్మాబాయికి మారుతండ్రి. చిన్నప్పుడు చేసిన పెళ్లికి కట్టుబడనని మొండికేసిన రఖ్మాబాయి! కాపురానికి రావాలంటూ భర్త 1884లో దావా వేశాడు. మరుసటేడు సఖారాం పోయాడు. ఇంటి పరువు కోర్టుకెక్కిన ఆ రోజుల్లోనే, పాములూ పురుగులూ చూపించుకుని మాట్లాడుకునే ఆ సంఘంలో ఈయనా ఒకడు. ఇంత కథ వదిలేసి "దొరలు" అని తేల్చేస్తావా?

అంతకంటే పెద్ద కోపం ఇంకోటుంది. వ్యాసమంతా వెతికినా ఒక్క ప్రాణి కనపడలేదు. తీర్మానాలున్నాయి, అధ్యక్షులున్నారు, 1886లో పత్రిక మొదలైందని ఉంది. ఎవరు ఏం పట్టుకొచ్చారో, బల్ల మీద ఏం పెట్టారో లేదు. అది లేకపోతే ఏ సంఘం గురించి రాసినా ఒకటే. ఫిప్సన్ అనే వైన్ వ్యాపారి తన ఆఫీసులో వాళ్లకు గది ఇచ్చాడు. కార్వార్ నుంచి వచ్చిన పెద్ద హార్న్‌బిల్ పక్షి ఒకటి 1894 నుంచి 1920 దాకా ఆ సొసైటీ ఆఫీసులోనే బతికింది. మింగకూడని తీగముక్క మింగి చచ్చిపోయింది. గుమాస్తాలు దాని పక్కనే కూర్చుని లెక్కలు రాసుకునుంటారు. 1905 నాటి వాళ్ల పత్రికలో లిస్టన్ అనే డాక్టరు ప్లేగు గురించీ, ఎలుకల గురించీ, ఎలుకల ఒంటి మీద బతికే పురుగు గురించీ రాశాడు. 1896 నుంచి బొంబాయిలో ఆ ప్లేగుకే జనం పిట్టల్లా రాలిపోతున్నారు మరి. నువ్వేమో ఆ పేజీలో ఉపాధ్యక్షుడి బిరుదులు రాశావు.

మన కడప సంగతి ఒక్క వాక్యంలో కానిచ్చేశావు. కలివికోడి అనే పిట్ట జెర్డాన్ అనే దొర డాక్టరుకు దొరికి, 1848లో లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది, తర్వాత పత్తా లేదు. 1986 జనవరిలో ఆ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్‌కు రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. దొరికిందంటే దానంతటది నడిచి రాలేదు. ఐతన్న అనే ఊరి మనిషి రాత్రిపూట లైటు వేసి పట్టాడు. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట అది. ఏ పొద కింద ఉంటుందో వేటకు తిరిగేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ముక్క నేనూ ఒకప్పుడు రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ఐతన్ననీ లైటునీ కొట్టేసి "శాస్త్రవేత్తల అకుంఠిత కృషి" అని చేర్చారు. అడగడానికి వెళితే టీ ఇప్పించి, "పాఠకులకు స్ఫూర్తి కావాలండీ" అన్నారు. పారితోషికం అయితే రాలేదు. టీ కూడా చల్లారిపోయిందే. ఇప్పుడా స్ఫూర్తి జబ్బు అందరికీ పట్టుకుంది. నీ ఆఖరి పేరాకీ సోకింది, ఎర్రసిరాతో కొట్టేశాను, ఏమనుకోకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. దాని సంగతి తర్వాత. ముందు ఎలుకల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పీడీఎఫ్ వద్దు, ఫోన్లో చదవలేను. కాగితం మీద, వరస వదిలి రాసి పోస్టులో పంపు.