కశ్మీర్ టూరుకు పర్సనల్ లోనా? ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 58,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 13,500తో కలిపి నెల ఖర్చు 41,000. నాన్నకు 71 ఏళ్లు, అమ్మకు 66, అమ్మకు షుగరు ఉంది. బాబు ఐదో తరగతి పూర్తి చేశాడు, పాపకు ఆరేళ్లు. పిల్లలు పెద్ద తరగతులకు వెళ్లకముందే, నాన్నకు ఓపిక ఉండగానే ఆరుగురం కశ్మీర్ చూసి రావాలని ఉంది. 2 లక్షల పర్సనల్ లోన్ మూడేళ్లకు, 14 శాతం వడ్డీకి ఇస్తామంటున్నారు. సేవింగ్స్ ఖాతాలో 35,000 ఉన్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ‘ఈ వయసు మళ్లీ రాదు’ అనుకుంటూ అప్పు చేసి టూరు వెళ్లడం మీ ఒక్కరి పొరపాటే కాదు, పిల్లలు బడిలో, పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న చాలా కుటుంబాలు ఇదే చేస్తున్నాయి.

ప్రయాణానికి అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యే దశ మీది. రైల్లో 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. పెద్దవాళ్ల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. విమానంలో రెండేళ్లు దాటితే సీటు కొనాల్సిందే. అంటే ఆరుగురికీ ఆరు నిండు టికెట్లు, అదీ వేసవి సెలవుల రద్దీ రేట్లకు. పైగా పహల్గాంలో ‘ఆరు’ అనే లోయకు, బేతాబ్ లోయకు స్థానిక యూనియన్ ట్యాక్సీలే వెళ్లాలి. ఆ కిరాయి, గుర్రాలు, గుల్‌మార్గ్ గొండోలా (కేబుల్ కారు) టికెట్లు ప్యాకేజీలో చాలాసార్లు కలపరు. 2 లక్షలు అక్కడే దాటిపోతాయి.

ఆ లోనుకు ఈఎంఐ సుమారు 6,835. మూడేళ్లలో వడ్డీయే 46,000 పైన. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. అమ్ముకుంటే పైసా రాని దానికి ఈ వడ్డీ ఏమిటండీ?

వడ్డీ కన్నా నన్ను భయపెడుతున్నది మీ దగ్గరున్న 35,000. అది ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. సంపాదించేది ఒక్కరు, ఆధారపడినవాళ్లు ఐదుగురు. రాయగడలో ఎవరికైనా జబ్బు ముదిరితే విశాఖ తీసుకెళ్లాలి. రాత్రికి రాత్రి బండి, ఆసుపత్రి అడ్వాన్సు, తోడున్నవాళ్ల బస, తిండి, మీ సెలవులు... బీమా ఉన్నా వీటిలో చాలావాటికి ముందు మీ జేబులోంచే పెట్టాలి. ఉద్యోగం పోయినా ఇంటి ఈఎంఐ ఆగదు. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,46,000, కదలకుండా ఉండాలి. ఇంతకన్నా తగ్గించి చెప్పలేను.

నెలకు మిగిలే 17,000ను ఇలా పంచండి. 12,000 అత్యవసర నిధికి. 18 నెలల్లో నిండుతుంది. 50,000 సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది 50,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీలు చేయండి, అవసరానికి ఒక్కటి తెంచితే సరిపోతుంది. మీ నలుగురికీ సొంత ఆరోగ్య బీమాకు 2,000. కంపెనీ బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. ఈ పాలసీలో పెద్దవాళ్లను కలపొద్దు, అందులో అందరికన్నా పెద్దవారి వయసును బట్టి ప్రీమియం పెరుగుతుంది. నాన్నగారికి 70 నిండాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఈ వారమే చేయించండి. మీరు వెళ్లే విశాఖ ఆసుపత్రి ఆ కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితాలో ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. అమ్మగారికి విడి పాలసీ ధర అడగండి. షుగరు దాచొద్దు, క్లెయిము అక్కడే తిరగబడుతుంది. ముందున్న జబ్బుకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. ప్రీమియం భరించలేకపోతే, ఆవిడకు 70 నిండేదాకా అత్యవసర నిధే అండ.

మిగిలిన 3,000 ఏటా చిన్న ప్రయాణాలకు. ఈ వేసవికి మాత్రం ఒక్క నెల మిగులుతో పూరీయో అరకో వెళ్లి రండి. నాన్నగారు ఎంతసేపు కూర్చోగలరో, ఎన్ని మెట్లు ఎక్కగలరో కూడా తెలుస్తుంది. నిధి నిండాక అదే 12,000ను కశ్మీర్ ఖాతాకు మళ్లిస్తే మరో 18 నెలల్లో 2,16,000. మొత్తం మూడేళ్లు, లోను తీరే గడువు కూడా ఇంతే. అప్పటికి బాబు ఎనిమిదో తరగతి పూర్తి చేసి ఉంటాడు, పదో తరగతి ఇంకా ఉంటుంది. ఆ తర్వాత పిల్లలు హాస్టళ్లకు వెళితే ప్రయాణాల డబ్బు వాళ్ల రాకపోకలకే సరిపోతుంది, కాబట్టి ఆ వేసవి దాటనివ్వకండి.

బంగారం లోను వడ్డీ తక్కువైనా టూరుకు అదీ వద్దు. క్రెడిట్ కార్డు ఈఎంఐ సంగతి అసలు ఎత్తొద్దు. ఏజెంటుకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. అది పోతుందని మిగతా సొమ్ము అప్పు చేసి కట్టకండి.